కంటి కింద సుడి ఉన్న గుర్రం

పదేళ్ళకు పైగా నాది కావలసిన గుర్రాన్ని తన దొడ్లో కట్టేసుకున్న మనిషి గడిచిన వారం మంగళవారం పొద్దున రెజైనా ఆసుపత్రిలో చచ్చిపోయాడు. ఆయన మా బావ, మా అక్క మొగుడు. చచ్చేముందు కూడా ఆ గుర్రాన్ని నాకివ్వలేదు.

మన తెలుగు సంఘం పత్రిక చూసే అమ్మాయి ఆయన గురించి నాలుగు మాటలు రాయమని అడిగింది. రాసిచ్చాను. మొదటి వాక్యం చదివి, స్వర్గస్థులయ్యారు అని పెడదామా అంకుల్ అంది. ఆయన ఎక్కడికి వెళ్ళాడో నాకు తెలియదు, నీకేమైనా కబురు వచ్చిందా అని అడిగాను. నేను ఐదో తరగతి దాటలేదు. అక్షరాలు తప్పుంటే దిద్దుకోమన్నాను, మాటల జోలికి రావద్దన్నాను. కాబట్టి ఇందులో మీకు గుచ్చుకునేది ఏదైనా ఉంటే అది నాదే, ఆ పిల్లది కాదు.

శుక్రవారం అంత్యక్రియల హాల్లో మీరంతా ఆయన గురించి మంచి మాటలు చెప్పారు. పెద్దమనిషి అన్నారు. మూగజీవాలంటే ప్రాణం అన్నారు. ఒకాయన మైకు పట్టుకుని అజాతశత్రువు అన్నాడు. నేను ముందు వరసలోనే కూర్చుని ఉన్నాను, ఆయనకు కనబడలేదేమో.

మా నాన్న, మా బావ నాన్న ఏలూరు స్టేషను దగ్గర ఒకే స్టాండులో జట్కాలు తోలేవాళ్ళు. ఆటోలొచ్చి జట్కాలు మూలబడ్డాక మా నాన్న గుర్రాన్ని అమ్మి తాగేశాడు. మా బావ గుర్రాన్ని వదల్లేదు. మద్రాసు రేసుకోర్సులో గుర్రాలను మాలీషు చేసే పనిలో చేరాడు. అక్కడి నుంచి ఎవరో యజమాని గుర్రాల వెంట వాంకూవర్ వచ్చాడు. వాంకూవర్ వానకు విసిగి ఈ మంచులోకి వచ్చి పడ్డాడు. ముందు మా అక్కను తెచ్చుకున్నాడు, తర్వాత నన్ను. మీరంతా పాయింట్లు కూడగట్టుకుని, ఇంగ్లీషు పరీక్షలు రాసి వచ్చారు. మేం గుర్రం తోక పట్టుకుని వచ్చాం.

రెజైనాకు గంట దూరంలో ఒక ఫీడ్‌లాట్ ఉంది. అంటే వేల పశువులను దొడ్లలో పెట్టి మేపి బలిపించే చోటు. గుర్రమెక్కి దొడ్డి దొడ్డీ తిరగడం, చెవులు వాల్చి నిలబడ్డ పశువును కనిపెట్టడం, తాడు విసిరి పట్టి మందు సూది పొడవడం మా బావ పని. నన్నూ ఆ పనిలోకే లాగాడు. కోతకు పోయే పశువుల దగ్గర పని చేస్తారటగా అని మీలో కొందరు మా ఇంటికొచ్చి మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. శుక్రవారం వాళ్ళు కూడా మాట్లాడారు. నాకు మొహాలు గుర్తున్నాయి.

నేను ఈ దేశంలో తిన్న మొదటి అన్నం ఆయన కంచంలోది. ప్లేట్లు సర్దుకునే ఓపిక లేక తన దాంట్లోంచి సగం నా వైపు నెట్టాడు. అది మరిచిపోలేదు. మర్నాటి సంగతి కూడా మరిచిపోలేదు. షెడ్డులోకి తీసుకెళ్ళి తాడు విసరడం నేర్పుతూ నా గ్లవుజులు విప్పించాడు. తాడు తెలియాల్సింది చేతికి, గ్లవుజుకు కాదన్నాడు. వారానికి వేళ్ళు పగిలి నెత్తురు చిమ్మాయి. మా అక్క కొబ్బరినూనె తెస్తే సీసా లాక్కుని అల్మరాలో పైఅర మీద పెట్టేశాడు. మెత్తబడితే వీడు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలన్నాడు. మా అక్క ఏడ్చింది. ఆయన పప్పులోకి ఆవకాయ కలుపుకున్నాడు.

పని మీద నాకిచ్చిన మొదటి గుర్రం ఒక ముసలి ఆడగుర్రం. మేకంత నెమ్మది. ఎండాకాలం ఒకరోజు గోఫర్ అనే నేల ఉడుత బొరియలో కాలు పడి దాని ముంగాలు విరిగింది. తప్పు నాదీ కాదు, దానిదీ కాదు. మా బావ తుపాకీ తెచ్చాడు. నేను అటు తిరిగి నడిచిపోతుంటే పిలిచాడు.

"ఎక్కడికిరా? వచ్చి తల పట్టుకో."

"నావల్ల కాదు బావా."

"ఎక్కినోడే పట్టుకోవాలి. ఇప్పుడు దానికి తెలిసిన మొహం నీదొక్కటే."

పట్టుకున్నాను. తర్వాత నా చొక్కా నన్నే ఉతుక్కోమన్నాడు, మా అక్కకు ఇవ్వనివ్వలేదు. ఆ మనిషి అలాంటివాడు. ప్రాణం అన్నారుగా, ఎలాంటి ప్రాణమో తెలుసుకోండి.

గుర్రం కొనడంలో మాత్రం ఆయనంతటి మనిషిని నేను చూడలేదు. తిట్టుకుంటూనే రాస్తున్నాను, నిజం కాబట్టి. అమ్మేవాడు పదింటికి రమ్మంటే మా బావ తొమ్మిదికే దిగేవాడు. ఎందుకంటే, అమ్మేవాళ్ళు పొద్దున్నే గుర్రాన్ని గుండ్రంగా పరుగెత్తించి అలసిపోయేలా చేస్తారు. మనం వెళ్ళేసరికి అది సాధువులా తల వంచుకుని నిలబడి ఉంటుంది. మనం మురిసిపోయి కొంటాం, ఇంటికి తెచ్చాక నిద్ర లేస్తుంది. అందుకని ఆయన దిగగానే హలో కూడా అనకుండా, జీను వేసే చోట వీపు మీద చెయ్యి పెట్టి చూసేవాడు. తడి తగిలితే తిరిగొచ్చి ట్రక్కెక్కేసేవాడు. అమ్మేవాడు వెనకాల పిలుస్తూనే ఉండేవాడు.

వీపు పొడిగా ఉంటే తర్వాత తాడు. తాడును గుర్రం పొట్ట కిందుగా, వెనక కాళ్ళ మధ్యగా, తోక కిందుగా ఈడ్చేవాడు. తోక బిగించి ఎగిరితే దాని మీద కూర్చుని ఫొటో దిగవచ్చు, తాడు పని చేయలేం. పరుగు ఆఖరున చూసేవాడు. తాడు వేయడానికి వదలబోయే కోడె కళ్ళ ముందు కనబడుతున్నా గుర్రం చెవులు మాత్రం కదిపి, వదిలే దాకా కదలకుండా నిలబడాలి. పరుగెత్తే గుర్రాలు ఊరి నిండా ఉన్నాయిరా, నిలబడేది చూపించు అనేవాడు. వదిలాక కోడెను దాటిపోకూడదు, వెనకబడకూడదు, తాడు అందేంత దూరంలో దాని వేగంతోనే పోవాలి. తాడు పడ్డాక ఆగాలి. ఆగి, తాడు వదులు కాకుండా, కోడె కాళ్ళకు తాడు వేసే రెండోవాడి వైపు తిరిగి నిలబడాలి.

ఒకసారి కిచెనర్ నుంచి మన ఊరికి మారిన ఒక కుర్ర ఇంజినీరు కూతురికి రోపింగ్, అంటే గుర్రం మీంచి తాడు విసిరే ఆట, నేర్పిస్తానని, గుర్రం చూపించమని ఆయనను వెంటబెట్టుకు వెళ్ళాడు. ఆ పిల్ల ఒక తెల్ల గుర్రాన్ని చూసి అదే కావాలంది. తెల్ల గుర్రం నిన్ను పడేస్తుంది, మీ నాన్న నిన్ను ఆసుపత్రి మంచం మీద వీడియో తీస్తాడు అన్నాడు మా బావ. పిల్ల ఇల్లు చేరేదాకా ఏడ్చిందట. ఆ ఇంజినీరు ఈ రోజుకీ మాతో మాట్లాడడు. కొన్నది మాత్రం మా బావ చూపించిన బూడిదరంగు గుర్రాన్నే.

ఇక నా గుర్రం సంగతి. ఆ ఆడగుర్రం తర్వాత నేను ఎక్కుతున్నది కూడా ముసలిదైపోయి, నాకు కొత్తది కావలసి వచ్చింది. నా సొంతానికి, నా కష్టంతో, బతుకులో మొదటిసారి. మూస్‌జా అవతల ఒక ముసలి దొర దగ్గర ఎర్ర గుర్రం ఉందని తెలిసి ఇద్దరం వెళ్ళాం. వీపు పొడిగా ఉంది. తాడు తోక కింద ఈడిస్తే ఈగ వాలినట్టు కూడా అనుకోలేదు. ఎక్కి కోడె పక్కన నిలబెట్టాను. నిలబడింది. కోడెను వదిలారు. అలాంటి పరుగు నేను మళ్ళీ చూడలేదు. కుర్చీలో కూర్చుని పోతున్నట్టుంది. తాడు విసిరాను, కొమ్ములకు పడింది. జీను ముందు ఉండే కొమ్ముకు తాడు చుట్టాను. ఆ గుర్రం వెనక కాళ్ళ మీద కూర్చున్నట్టు ఆగి, తిరిగి, తాడు బిగుతు తగ్గకుండా కోడెను చూస్తూ నిలబడింది. మా బావ కంచె అవతల నిలబడి చూస్తున్నాడు. గుర్రాన్ని చూస్తున్నాడనుకున్నాను.

దిగి మొహం నిమురుతుంటే ఎడమ కంటి కింద వెంట్రుకలు గుండ్రంగా తిరిగి కనిపించాయి. సుడి. ఇది మీలో చాలామందికి తెలియదు. జట్కా వాళ్ళు, ఎడ్ల వాళ్ళు బేరం మొదలెట్టకముందే సుడులు చూస్తారు. నుదుటి మీద ఒకటుంటే మంచిది. కంటి కింద, నీళ్ళు కారే దారిలో ఉంటే మా వాళ్ళు దాన్ని కన్నీటి సుడి అంటారు. అలాంటి గుర్రం అడుగుపెట్టిన ఇంట్లో ఆడవాళ్ళు ఏడవాలని మా నాన్న చెప్పేవాడు. ఎన్నేళ్ళు ఈ మంచులో బతికినా అవి బుర్రలోంచి పోవు.

"బావా, కంటి కింద సుడి ఉంది."

వచ్చి చూశాడు. వేలితో ఆ వెంట్రుకలను అటూ ఇటూ దువ్వాడు.

"మీ నాన్న బతికుంటే దీన్ని గుమ్మం తొక్కనిచ్చేవాడా?"

"గుర్రం బాగుంది కదా బావా."

"బాగుంటే కొనుక్కో. రేపు మీ అక్క ఏడిస్తే మాత్రం నా దగ్గరికి రాకు."

వెళ్ళి ట్రక్కులో కూర్చున్నాడు. నేను ఆ దొరకు వద్దని చెప్పాను. ఆయన కాళ్ళు చూపించాడు, పళ్ళు చూపించాడు, లోపం ఏమిటని అడిగాడు. వెంట్రుకలు తిరిగిన తీరు బాగాలేదని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? తల అడ్డంగా ఊపి వచ్చేశాను. దారి పొడుగునా మా బావ ఈల వేసుకుంటూ నడిపాడు.

వారం తిరిగేసరికి అదే గుర్రం ఆయన దొడ్లో గడ్డి తింటోంది.

"ఇదేంటి బావా?"

"గుర్రం."

"మరి సుడి?"

"సుడులు నీకురా. నేను కెనడావోణ్ణి."

ఆ నెలలోనే ఫీడ్‌లాట్ మేనేజరు నన్ను గుర్రం పనిలోంచి తీసి మేత ట్రక్కు మీద వేశాడు. ఎవరు చెప్పారని అడిగితే నీ బావే అన్నాడు. మళ్ళీ నేను తాడు పట్టలేదు. కిటికీ అద్దం వెనక కూర్చుని మర తిప్పితే మేత తొట్లోకి పడుతుంది. పనికిమాలిన ప్రతివాడికీ ఇచ్చే పని అది. పక్క దొడ్లో మా బావ నా గుర్రం మీద పోతూ టోపీ ఎత్తి సలాం కొట్టేవాడు. ఆ గుర్రానికి ఎర్రోడు అని పేరు పెట్టుకుని, దాంతో తెలుగులోనే మాట్లాడేవాడు. ఆగరా అంటే ఆగేది.

అక్కడితో వదల్లేదు. ఏటా ఉగాది పాట్‌లక్‌లో పులిహోర ప్లేటు పట్టుకుని, కొత్తగా వచ్చిన వాళ్ళను పోగేసి చెప్పేవాడు. మా బావమరిది గుర్రానికి పెళ్ళిచూపులకు వెళ్ళాడండీ, మొహాన మచ్చ ఉందని తిరిగొచ్చాడండీ, జాతకం కూడా అడిగాడేమో మీరే కనుక్కోండి అనేవాడు. మీరు నవ్వారు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు నవ్వారు, డాక్టరు గారు నవ్వారు, వాళ్ళ ఇంగ్లీషు పిల్లలకు అర్థం కాకపోతే అనువాదం చేసి మరీ నవ్వించారు. బావా బావమరుదుల సరసం అనుకున్నారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళి మీ అందరి పేర్లూ మా ఆవిడకు చెప్పాను.

ఎర్రోణ్ణి కొన్న రెండో చలికాలం ఆయన బొటనవేలు పోయింది. తాడు విసిరాక జీను కొమ్ముకు చుట్టేటప్పుడు బొటనవేలు పైకి ఉండాలి. వేలు ఆకాశం చూడాలి అని నాకు నేర్పింది ఆయనే. కిందికి ఉంటే తాడు కింద పడుతుంది. అటు కోడె లాగుతుంది, ఇటు గుర్రం లాగుతుంది, మధ్యలో వేలు. ఆ రోజు గ్లవుజు గడ్డకట్టి బిగిసి చెయ్యి తిరగలేదట. నేను ట్రక్కు దిగి పరుగెత్తేసరికి ఆయన గుర్రం మీదే ఉన్నాడు. ఎర్రోడు తాడు బిగుతు వదలకుండా నిలబడే ఉన్నాడు. వేలున్న గ్లవుజు మంచులో పడి ఉంది. నా టీ ఫ్లాస్కు వంపేసి, అందులో మంచు కూరి, వేలు వేసుకుని ఆసుపత్రికి పట్టుకెళ్ళాను. నలిగిపోయింది, కుట్టలేమన్నారు.

కట్టుతో మంచం మీద ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళి నేనన్న మొదటి మాట ఇది.

"కన్నీటి సుడి బావా. చెప్పానా లేదా?"

ఆయన నా మొహంలోకి చూశాడు.

"మరి ఏడుస్తోంది నువ్వేంట్రా?"

మందుల వాసనకు అన్నాను. ఆయన కట్టు ఉన్న చెయ్యి ఎత్తి నా ముందు ఆడించి, ఇది నీ వేలురా, నా చేతికి తగిలించుకుని తిరిగాను అన్నాడు. నొప్పి మందు మత్తులో వాగుతున్నాడనుకున్నాను.

ఆ తర్వాత ఆయనా తాడు పట్టలేదు. మిగిలిన నాలుగు వేళ్ళతో టీ గ్లాసు పట్టుకోవడం నేర్చుకున్నాడు. గ్లాసు జారితే జారనిచ్చేవాడు, అందుకోవడానికి ఎవరైనా చెయ్యి చాపితే ఆ చేతి మీద కొట్టేవాడు. ఎర్రోడు దొడ్లో ఊరికే ఉన్నాడు. నాకిమ్మని అడిగాను. నువ్వు ఎక్కవు, నన్ను ఎక్కనివ్వమన్నాను. మేస్తున్నాడు కదా, నీకేం నొప్పి అన్నాడు. ఏటా అడిగాను. ఏటా అదే మాట. ఒక ఏడు వెళ్ళేసరికి కంచె గేటుకు తాళం కనిపించింది. తాళం ఎవరి కోసమని అడిగితే, ఈ చుట్టుపక్కల గుర్రాల దొంగ ఒక్కడే ఉన్నాడు, వాడి కోసం అన్నాడు.

ఆఖరి వారం ఆసుపత్రికి వెళ్ళాను. ఒళ్ళంతా దుప్పటి కిందకు ఇంకిపోయి, కళ్ళు, నోరు మాత్రం మిగిలాయి. మా అక్క కాళ్ళ దగ్గర కూర్చుంది. వాళ్ళబ్బాయి, అంటే నా మేనల్లుడు, కిటికీ దగ్గర నిలబడి ఆఫీసు ఫోన్ మాట్లాడుతున్నాడు.

"బావా, ఎర్రోణ్ణి ఏం చేస్తావు?"

"నీకివ్వను."

"ఇంకెవరికిస్తావు? నీ వెంట తీసుకుపోతావా?"

ఆయన నన్ను వదిలేసి కొడుకు వైపు తిరిగాడు. "అమ్మెయ్యి. మీ మామయ్యకి మాత్రం ఇయ్యకు" అన్నాడు. నా ఎదురుగానే అన్నాడు. నేను లేచి వచ్చేశాను. మళ్ళీ చూసింది శుక్రవారం, పెట్టెలో.

హాల్లో మీ ఉపన్యాసాలు అయిపోయాక, శ్మశానంలో కొడుకు మీట నొక్కాక, ఇంటికొచ్చి మా అక్క పక్కన కూర్చున్నాను. ఆవిడతో కూడా బాధపడుతున్నట్టు మాట్లాడలేదు, ఆయన్ను తిట్టాను. ఆవిడ చీర కొంగు మడతపెట్టుకుంటూ వింది. విని చెప్పింది. మూస్‌జా నుంచి తిరిగొచ్చిన రోజునే ఆయన ఆవిడతో చెప్పాడట. వాడి వేళ్ళు సరిగా ముడుచుకోవడం లేదు, బొటనవేలు తాడు కిందికి పోతోంది, వాడికి తెలియడం లేదు, ఈ గుర్రం బాగా ఆగుతుంది కాబట్టి వేలు తప్పకుండా పోతుంది, చెబితే వాడు వినడు, సుడి మాట వాడే ఎత్తితే దాన్నే పట్టుకున్నాను, విన్నాడు అన్నాడట.

"అయితే తనెందుకు కొన్నాడు?" అని అడిగాను.

"కొనకపోతే నువ్వు మళ్ళీ వెళ్ళి కొంటావని."

"ఊరందరి ముందూ నన్ను వెర్రివాణ్ణి చేసి నవ్వించడం కూడా నా వేళ్ళ కోసమేనా?"

"నీకు ఆయన మీద కోపం ఉన్నంత కాలం నీ చేతికేమైందని ఆలోచించవని" అంది మా అక్క. "ఆయన నోరు నాకు మాత్రం నచ్చిందా ఏంటి?"

నాకు నచ్చలేదు. ఇది మంచితనం అని నేను రాయను, మీరు రాసుకోండి. నా చెయ్యి నాది. నా ఎదుట నిలబడి, ఒరే, నీ పని అయిపోయింది అని ఉంటే కొట్టేవాణ్ణి, రెండు రోజులు మాట్లాడేవాణ్ణి కాను, మూడో రోజు వినేవాణ్ణి. వినేవాణ్ణో కాదో. ఆ రోజు ఇంటికి వెళ్ళి షెడ్డులో నా జీనును బల్ల మీద పెట్టి, కొమ్ముకు తాడు చుట్టి చూశాను. బొటనవేలు కిందికే ఉంది. పైకి తిప్పి చుట్టాను, తాడు జారింది. గట్టిగా పట్టుకుని చుట్టాను, వేలు కిందికి వెళ్ళింది. చీకటి పడేదాకా చుడుతూనే ఉన్నాను. ఇంతకంటే దీని గురించి రాయను.

ఇప్పుడు ఎర్రోడికి ఇరవై దాటాయి. మేనల్లుడు దాన్ని సోమవారం పశువుల సంతకు పంపుతున్నాడు. నేను వెళ్ళి నాకిమ్మన్నాను. తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు.

"మామయ్యా, ఇట్స్ హిజ్ లాస్ట్ విష్. నువ్వు కూడా విన్నావ్ కదా."

"సంతలో దాన్ని ఎవరు కొంటారో తెలుసా నీకు?"

"సమ్‌బడీ నైస్ విల్ టేక్ హిమ్. ఏదో ఫార్మ్ ఫ్యామిలీ."

ఆ వయసు గుర్రాన్ని ఏ ఫ్యామిలీ కొనదు. కొనేవాడు ఒక్కడే ఉంటాడు, తూకం వేసి కొంటాడు. ఆ లారీలు ఎక్కడికి పోతాయో ఫీడ్‌లాట్‌లో బతికిన నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. మేనల్లుడికి తెలియదు, వాడు కంప్యూటరు ముందు పెరిగాడు. వాడి మీద నాకు కోపం లేదు. మా బావకు తెలుసు. తెలిసే అన్నాడు. నా చేతికి రావడం కంటే కాటా మీదికి పోవడం నయమనుకున్నాడు. మత్తులో అన్నాడులే అంటుంది మా అక్క. మత్తులో భార్య పేరు తప్పు పలికాడు గానీ గుర్రం సంగతి ఆయన ఎప్పుడూ తప్పు మాట్లాడడు. నా వేళ్ళ మీద అంత పట్టు ఎందుకో నాకు అర్థం కావడం లేదు. అడుగుదామంటే మనిషి లేడు. అదొక్కటే కష్టంగా ఉంది, మిగిలిందంతా నేను మోస్తాను.

మా అక్క కోడలమ్మా, పత్రిక గురువారం మీ ఫోన్లలోకి వస్తుందట. మీ ఆయనకు తెలుగు అక్షరాలు రావు. ఇక్కడి నుంచి ఉన్నది చదివి వినిపించు. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మర్యాదలు కలపకు.

అల్లుడూ, నేను ఎర్రోణ్ణి ఎక్కను. తాడు పట్టను. నీ ఒక్కడికే చెబితే రేపు లేదంటానని అనుకుంటావు, అందుకని సంఘం మొత్తం చదివే చోట రాస్తున్నాను. ఎక్కినట్టు ఎవరైనా చూస్తే ఉగాదికి నా గురించి ఏం చెప్పుకుని నవ్వినా నోరెత్తను. నా జీను, తాళ్ళు, కళ్ళేలు తెచ్చి మీ గరాజ్‌లో పడేస్తాను. అమ్ముకో, తగలబెట్టుకో, తిరిగి అడగను. మీ నాన్న మాట దాటావని మీ అమ్మ గానీ ఇంకెవరైనా గానీ అంటే, మామయ్య దౌర్జన్యంగా తోలుకుపోయాడని చెప్పు. ఒప్పుకుంటాను.

సంత లారీ సోమవారం పొద్దున్నే వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు లోపు నాకు జవాబు కావాలి. మెసేజీ పెట్టకు, నాకు చదవడం ఆలస్యం. ఫోన్ చెయ్యి, లేదా వచ్చి మొహం మీద చెప్పు. ట్రెయిలర్‌ను ట్రక్కుకు తగిలించి, వెనక తలుపు తీసి పెట్టాను. లోపల పరిచిన ఎండుగడ్డి మీద మంచు పడుతోంది. రోజూ దులిపి మళ్ళీ పరుస్తున్నాను. ఆదివారం దాకా పరుస్తాను. ఔనో కాదో చెప్పు.